ఎండకి తెల్లబడ్డ కారు ప్లాస్టిక్‌ని మళ్లీ నల్లగా చేయడం ఎలా?

పాత కారు ఇంజిన్ బాగానే ఉంటుంది. పెయింట్ కూడా ఒక పూట కూర్చుని పాలిష్ పెడితే మెరుస్తుంది. కానీ బంపరు, వైపర్ల కింద ఉండే నల్ల పలక, చక్రాల చుట్టూ ఉండే నల్ల ప్లాస్టిక్ పట్టీలు (క్లాడింగు), సైడ్ మిర్రర్ల తొడుగులు, తలుపు హ్యాండిళ్లు బూడిద రంగుకి తిరిగితే మాత్రం బండికి లేని వయసు వచ్చి పడుతుంది. రంగు వేయని బంపర్లతో వచ్చిన మారుతి 800లు, పాత సుమోలు, బొలెరోలు, చుట్టూ నల్ల క్లాడింగు ఉన్న మొదటి తరం డస్టర్లు, వీటిలో ఏది మీ దగ్గరున్నా ఈ సంగతి మీకు తెలిసే ఉంటుంది.

దీనికేమైనా ఉందా అని యాక్సెసరీల షాపులో అడిగితే మెరిసే సీసా ఒకటి చేతిలో పెడతారు. పూసిన రోజు కొత్త బండిలా కనిపిస్తుంది. రెండు వానలు పడేసరికి జిడ్డు చారలు తలుపుల మీదకి కారి, బంపరు మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే సీసా కొనేముందు రెండు పనులు చేయాలి: మీ బండి ప్లాస్టిక్ ఎంతవరకు పాడైందో చూసుకోవడం, దాన్ని మనసు పెట్టి కడగడం. ఈ రెండూ సరిగ్గా చేస్తే ఏ కంపెనీ సీసా అన్నది చిన్న విషయం అయిపోతుంది.

అసలు తెల్లబడటం అంటే ఏమిటి

ఈ భాగాలు చాలావరకు పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసినవి. చిన్న దెబ్బలకి పగలకుండా కొంత రబ్బరు లాంటి పదార్థం, గట్టిదనం కోసం టాల్క్ పొడి, నలుపు కోసం కార్బన్ బ్లాక్ కలిపి పోస్తారు. ఏదైనా ముక్క ఊడదీసినప్పుడు వెనకవైపు చూడండి, అచ్చులోనే పడిన అక్షరాలు ఉంటాయి. పీపీ అంటే పాలీప్రొపిలీన్, ఈపీడీఎం అంటే రబ్బరు, టీడీ20 అంటే అందులో 20 శాతం టాల్క్ అని.

ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాలు పై పొరలో ఉన్న ప్లాస్టిక్ గొలుసులని తెంపేస్తాయి. ఆ పొర పెళుసుబారి, కంటికి కనిపించనంత సన్నటి పగుళ్లు పడతాయి, లోపలి టాల్క్ పైకి తేలుతుంది. నున్నగా ఉండాల్సిన చోట గరుకు రావడంతో వెలుతురు చెదిరిపోయి మన కంటికి బూడిద రంగు కనిపిస్తుంది. కింద కార్బన్ బ్లాక్ అలాగే ఉంటుంది. చాలా బండ్లలో పోయింది నలుపు కాదు, నునుపు.

ఎండ నేరుగా పడే భాగాలు ముందు పోతాయి. వైపర్ల కింది పలక, బంపరు పై అంచు, రూఫ్ రెయిల్స్ బాగా తెల్లబడి ఉంటే, అదే బండికి తలుపు పక్కన ఉండే బీడింగు ఇంకా నల్లగానే ఉండొచ్చు. రోజూ పడమటి ఎండ తగిలేలా ఒకే చోట నిలిపే బండికి ఆ పక్క ఎక్కువగా పోతుంది. కాబట్టి బండి మొత్తానికి ఒకే చికిత్స చేయాలని లేదు.

ముందు పరీక్ష

తడి గుడ్డతో ఒక చోట తుడిచి చూడండి. తడిగా ఉన్నంతసేపూ నల్లగా మారి, ఆరగానే మళ్లీ బూడిద రంగుకి వస్తే మీ పని సులువు. గరుకులోని సందులని నీళ్లు నింపినంతసేపు నలుపు కనిపించింది. అదే పని ఆరిపోకుండా చేసేదేదైనా పూస్తే చాలు.

తడిసినా తెల్లగానే ఉంటే రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, పై పొర నిజంగానే బాగా దెబ్బతింది. పొడి వేలితో రుద్దితే సున్నంలాంటి పొడి అంటుకుంటుంది. రెండోది మన ఊళ్లలో చాలా మామూలు: బోరు నీళ్లు. కాల్షియం ఎక్కువున్న బోరు నీళ్లతో రోజూ కడిగి అలాగే ఎండలో ఆరబెడితే ప్లాస్టిక్ గీతల్లో సున్నం పేరుకుంటుంది. దాన్ని చూసి ప్లాస్టిక్ పోయిందనుకుంటారు. వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి గుడ్డతో అద్ది, రెండు మూడు నిమిషాలు ఉంచి కడిగితే అది సున్నమో కాదో తేలిపోతుంది. క్రోమ్ మీద, తుప్పు పట్టిన ఇనుము మీద మాత్రం వెనిగర్ నిలవనివ్వకండి.

మూడో రకం తెలుపు కూడా ఉంది. బాడీకి పాలిష్ పెట్టినప్పుడు బంపరు మీద పడి గీతల్లో ఎండిపోయిన వ్యాక్స్ అది. పెయింటుకీ ప్లాస్టిక్‌కీ మధ్య అంచులో తెల్లటి మరకల్లా ఉంటుంది. పిల్లల తెల్ల రబ్బరుతో, అంటే పెన్సిలు గీతలు చెరిపే ఎరేజర్‌తో రుద్దితే వచ్చేస్తుంది. అమెరికాలో దీనికి వేరుశెనగ వెన్న రాస్తారు. అదీ పనిచేస్తుందిగానీ ఆ తర్వాత ఆ జిడ్డు కడుక్కోవాలి, చీమలు కూడా వస్తాయి. ఎరేజర్ చాలు.

ఇక పగుళ్లు. గోరు దిగేంత చీలిక ఉన్నా, నొక్కితే పటపటమన్నా ఆ ముక్క మీద సమయం పెట్టకండి. వైపర్ల కింది పలక, వీల్ ఆర్చ్ అంచులు, బీడింగుల లాంటివి మన దేశంలో ఎక్కువగా అమ్ముడైన బండ్లకి విడిగా దొరుకుతాయి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో అడిగితే కంపెనీది కాకుండా బయటి తయారీది కూడా ఇస్తారు. బయటి తయారీ ముక్కలు కొన్ని కొత్తగా ఉన్నప్పుడే ఒక ఛాయ తేడాగా ఉంటాయి. పాత ముక్క పట్టుకెళ్లి పక్కన పెట్టి చూసి తీసుకోండి.

కడగడం

పనిలో సగానికి పైగా ఇదే. పైన పూసే ఏ మందైనా ప్లాస్టిక్‌ని నేరుగా తాకాలి. ఏళ్ల తరబడి పూసిన సిలికాన్ పాలిష్, రోడ్డు మీది డీజిల్ మసి, వ్యాక్స్ మధ్యలో ఉంటే అది వాటికి అంటుకుని, వాటితోపాటే ఊడిపోతుంది.

బండిని నీడలో పెట్టండి. ఉదయం ఎనిమిది లోపు మొదలుపెడితే మంచిది. ఎండలో ఉన్న నల్ల ప్లాస్టిక్ మీద సబ్బు నిమిషంలో ఎండి కొత్త మరకలు పెడుతుంది. ముందు మామూలు నీళ్లతో దుమ్ము పోయేలా కడగండి. తర్వాత ఆల్ పర్పస్ క్లీనర్‌ని సీసా మీద చెప్పినంత నీళ్లు కలిపి స్ప్రే చేయండి. అది లేకపోతే గిన్నెలు తోమే లిక్విడ్ ఒక బకెట్ గోరువెచ్చటి నీళ్లలో నాలుగైదు చెంచాలు వేసుకోండి. బాడీకి రోజూ ఈ లిక్విడ్ వాడొద్దంటారు, వ్యాక్స్ ఊడిపోతుందని. ఇక్కడ మనకి కావలసింది అదే.

బట్టల బ్రష్షులో మెత్తటిది ఒకటి, సందులకి పాత టూత్ బ్రష్షు ఒకటి తీసుకోండి. గింజ గింజగా ఉన్న ప్లాస్టిక్‌ని ఒకే దిక్కున రుద్దితే గుంటల్లోది రాదు. అడ్డంగా, నిలువుగా, గుండ్రంగా మూడు రకాలుగా రుద్దాలి. స్టీలు పీచు జోలికి వెళ్లొద్దు, ఆ గీతలు ఏ కోటింగూ దాచలేదు. నురగ గోధుమ రంగులో కారుతుంటే ఇంకా మురికి ఉన్నట్టు. కడిగి మళ్లీ మొదలుపెట్టండి. తెల్ల గుడ్డతో గట్టిగా తుడిచినా గుడ్డ తెల్లగా ఉండేదాకా ఆపకండి. బాగా పాతబడ్డ బండికి మూడు నాలుగు విడతలు పడుతుంది, చేతులు పట్టేస్తాయి. పాలిష్ పూయడానికి ఉండే ఉత్సాహం దీనికి ఎవరికీ ఉండదు, అందుకే చాలామంది పని ఇక్కడే చెడుతుంది.

చివరగా నీళ్లు పోసి చూడండి. నీళ్లు ముత్యాల్లా గుండ్రంగా నిలిస్తే పాత సిలికాన్ ఇంకా ఉంది. పల్చటి పొరలా పరుచుకుంటే శుభ్రమైనట్టు.

ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని సగం నీళ్లు కలిపి శుభ్రమైన గుడ్డతో ఒకసారి తుడవండి. ఎలక్ట్రానిక్స్ సామాన్ల షాపుల్లో ఐపీఏ అంటే ఇస్తారు. పెట్రోలు, థిన్నర్ వాడే అలవాటు షెడ్లలో ఉంది. తుడవగానే నల్లగా కనిపిస్తుంది కాబట్టి బాగున్నట్టే అనిపిస్తుంది, కానీ ఈ ద్రావకాలు ప్లాస్టిక్‌లోని రబ్బరు భాగాన్ని ఉబ్బిస్తాయి, పక్కనున్న పెయింటుని మెత్తబరుస్తాయి. ఇంటి ముందు పెట్రోలు గిన్నె పెట్టుకుని పని చేయడంలో ఉన్న ప్రమాదం వేరే చెప్పక్కర్లేదు.

సందుల్లోని తడి పూర్తిగా ఆరాలి. ఎండాకాలం గంట చాలు. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల, వానాకాలం ఎక్కడైనా సరే, పూట మొత్తం వదిలేయండి.

ఏది పూయాలి

కొబ్బరినూనె గురించి ముందు చెప్పేస్తాను, ఎందుకంటే ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. పూస్తే నల్లబడుతుంది, నిజమే. ఆరే నూనె కాదు కాబట్టి దుమ్ము పట్టి రెండు రోజుల్లో చెత్తగా తయారవుతుంది. బండి అమ్మకానికి ఫొటోలు తీసేవాళ్లకి పనికొస్తుంది. మీరు పాత బండి కొనడానికి వెళ్లినప్పుడు బంపరు అనుమానాస్పదంగా మెరుస్తుంటే వేలు పెట్టి రాసి చూడండి. బూట్ పాలిష్‌ది కూడా ఇదే వరస, పైగా పక్కన నిలబడ్డవాళ్ల బట్టలకి అంటుకుంటుంది.

అవిసె నూనె సంగతి వేరు. హార్డ్‌వేర్ షాపుల్లో చెక్క పనికి అమ్మే బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, కాబట్టి కొబ్బరినూనె కన్నా చాలా ఎక్కువ కాలం ఉంటుంది. పల్చగా పూసి, పావుగంట తర్వాత మిగిలింది పూర్తిగా తుడిచేయాలి. మందంగా వదిలితే జిగురుగా మారి వదలదు. ఇందులో ఒక పెద్ద జాగ్రత్త ఉంది: ఈ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. తుడిచిన గుడ్డని ఉండ చుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటికి పోక, అగ్గిపుల్ల గీయకుండానే అంటుకోవచ్చు. గుడ్డని విప్పి బయట తీగ మీద ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి ఉంచండి. పొలానికి తిరిగే బొలెరోకి ఇది చౌకలో తేలే పని. ఊళ్లో తిరిగే కారుకి నేను సిఫారసు చేయను.

షాపుల్లో దొరికే డ్రెస్సింగులు, అంటే ప్లాస్టిక్‌కి పూసే పాలిష్‌లు, రెండు రకాలు. నూనెలా జారుతూ గట్టిగా మెరిసేవి ఒకటి, పాలలా తెల్లగా ఉండి నీళ్లలో కలిసేవి రెండోది. రెండో రకమే తీసుకోండి. 303 ప్రొటెక్టెంట్ లాంటివి ఈ కోవలోవి, వీటిలో అల్ట్రావయొలెట్ నుంచి కొంత కాపు కూడా ఉంటుంది. ఇంకా పెద్దగా తెల్లబడని ప్లాస్టిక్‌కి నెలకో, నెలన్నరకో ఒకసారి ఇది రాస్తే చాలు.

తడి పరీక్షలో నల్లబడి, ఆరాక బూడిద రంగుకి వచ్చే ప్లాస్టిక్‌కి నా ఓటు ట్రిమ్ కోటింగుకి. ట్రిమ్ అంటే ఈ నల్ల ప్లాస్టిక్ భాగాలే. సిరామిక్ ట్రిమ్ కోటింగ్, ట్రిమ్ రిస్టోరర్ అనే పేర్లతో చిన్న సీసాల్లో, ఒక్కోసారి తడి వైప్స్‌గా వస్తాయి. ఇవి గరుకు సందుల్లో దిగి గట్టి పొరగా మారతాయి, సబ్బుకి ఊడవు. ధర చూసి ఇంత చిన్న సీసాకి ఇంతా అనిపిస్తుంది, కానీ ఒక బంపరుకి పట్టేది కొన్ని మిల్లీలీటర్లే. నీడలో ఉండే బండికి ఏడాది దాటి నిలుస్తుంది. పొద్దస్తమానం ఎండలో ఉండే బండికి అంత ఆశ పెట్టుకోవద్దు.

తడిసినా నల్లబడని ప్లాస్టిక్‌కి రంగు కలిసిన రిస్టోరర్ కావాలి. ఇందులో నల్ల రంగు ఉంటుంది కాబట్టి చేతికి, గచ్చుకి, తెల్ల బండి పెయింటుకి అంటితే వదిలించుకోవడం కష్టం. అప్పటికీ లొంగకపోతే పెయింటే దారి.

కోటింగు పూసే పద్ధతి

ప్లాస్టిక్‌ని ఆనుకుని ఉన్న పెయింటు, అద్దం, నంబరు ప్లేటు అంచులకి పేపర్ టేపు వేయండి. చేతులకి గ్లోవ్స్ వేసుకోండి. అరచేయి ఆనిస్తే ప్లాస్టిక్ చల్లగా తగలాలి. వేడిగా ఉంటే మందు పరుచుకోకముందే ఆరి చారలు పడుతుంది.

సీసా బాగా కుదిపి, స్పాంజి మీద నాలుగైదు చుక్కలు వేసుకోండి. ఒక్కసారికి అడుగు మేర మాత్రమే తీసుకుని, ఒకసారి అడ్డంగా ఒకసారి నిలువుగా రుద్దండి. మందంగా పూస్తే ఎక్కువ కాలం ఉంటుందనుకోవద్దు. మిగిలింది పైన ఎండి జిగేలుమనే మచ్చలవుతుంది, అది గట్టిపడ్డాక తీయడం కోటింగు వేయడం కన్నా కష్టం. సీసా మీద చెప్పిన సమయం అయ్యాక, సాధారణంగా ఒకటి రెండు నిమిషాలకి, మైక్రోఫైబర్ గుడ్డతో ఒత్తిడి లేకుండా తుడిచి సమం చేయండి. ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేసి చూస్తే ఎక్కడ ఎక్కువైందో, ఎక్కడ వదిలేశారో కనిపిస్తుంది. అప్పుడు పక్క అడుగుకి వెళ్లండి.

ముందు బంపరు చేసి, మిగతాది వచ్చే వారం చూద్దామనుకుంటే బంపరు మధ్యలో ఆపకండి. ఏదో ఒక అతుకు దగ్గర, అంటే ఒక ముక్క ముగిసే చోట ఆపాలి. లేకపోతే గీత కనిపిస్తుంది.

మొదటి కోటుని బాగా పీల్చేసుకున్న ప్లాస్టిక్‌కి రెండో కోటు పడుతుంది. అక్కడక్కడా ఇంకా పాలిపోయి కనిపిస్తే వేయండి, సమంగా ఉంటే అక్కర్లేదు. వేసినవాటిమీద కనీసం 24 గంటలు నీళ్లు పడకూడదు. కొన్ని కంపెనీలు ఇంకా ఎక్కువ సమయం చెబుతాయి. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ తెల్లవారుజామున పైపు పట్టి అన్ని బండ్లూ కడిగేస్తాడు, ముందు రోజే ఒక మాట చెప్పి పెట్టండి. వాడిన స్పాంజి, గుడ్డ పారేయండి. వాటిలో మందు గట్టిపడి, మరోసారి వాడితే పెయింటు మీద గీతలు పెడుతుంది.

హీట్ గన్, లైటర్ల సంగతి

వీడియోల్లో చూసి ఉంటారు, వేడి గాలి తగిలిన చోటల్లా బంపరు మాయలా నల్లబడుతుంది. జరిగేది మాయ కాదు. పై పొర కరిగి సన్నటి పగుళ్లు మూసుకుంటాయి, నునుపు వచ్చి నలుపు కనిపిస్తుంది. పాలీప్రొపిలీన్ కరిగేది దాదాపు 160 డిగ్రీల దగ్గర, హీట్ గన్ నుంచి వచ్చేది 500 డిగ్రీల దాకా ఉండే గాలి. రెండు క్షణాలు ఆలస్యమైతే ముక్క వంకర పోతుంది, గింజ గింజ డిజైను కరిగి నున్నటి మచ్చ పడుతుంది. వైపర్ల దగ్గర చేస్తే ముందు అద్దం పగలొచ్చు. ఇంత చేసినా, తయారీలో ప్లాస్టిక్‌లో కలిపిన, ఎండ నుంచి కాపాడే పదార్థం తిరిగి రాదు కాబట్టి కొన్ని నెలల్లో మళ్లీ తెల్లబడుతుంది. ఎలాగూ మార్చాలనుకుంటున్న ముక్క మీద సరదాకి చేసుకోవచ్చు. మంటతో, లైటర్‌తో మాత్రం వద్దు.

పెయింటే వేయాలంటే

పాలీప్రొపిలీన్‌కి మామూలు పెయింటు అంటదు, నెల తిరగకముందే పొలుసులుగా లేస్తుంది. మధ్యలో ప్లాస్టిక్ కోసం చేసిన ప్రైమర్ తప్పనిసరి. కొనేటప్పుడు డబ్బా మీద పాలీప్రొపిలీన్‌కి పనికొస్తుందని రాసి ఉందో లేదో చదవండి.

వీలైతే ముక్క విప్పి చేయండి. పాత క్లిప్పులు పుటుక్కుమని విరుగుతాయి, ముందే ఓ పది తెచ్చిపెట్టుకోవాలి. పైన చెప్పినట్టే కడిగి, స్కాచ్‌బ్రైట్‌తోనో 600 నంబరు వాటర్ పేపర్‌తోనో మెరుపు పోయేదాకా రుద్ది, ఐపీఏతో తుడవండి. పల్చగా ప్రైమర్, తర్వాత 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం నుంచి పల్చటి కోట్లు రెండో మూడో, మధ్యలో పది నిమిషాల చొప్పున గ్యాప్. రంగు విషయంలో గ్లాసీ నలుపు వద్దు, బంపరుకి అది అతికినట్టు ఉండదు. సాటిన్ నలుపు కంపెనీ ప్లాస్టిక్‌కి దగ్గరగా కనిపిస్తుంది. పని ఆరుబయట చేయండి. దుమ్ముకి వాడే మామూలు మాస్క్ ఈ ద్రావకాల ఆవిరిని ఆపదు, కార్బన్ ఫిల్టర్ ఉన్నది కావాలి.

షెడ్‌లో ఇచ్చి చేయిస్తుంటే, ఇంతకుముందు సిలికాన్ పాలిష్ పూసేవాళ్లమని పెయింటర్‌కి తప్పకుండా చెప్పండి. కొంచెం మిగిలినా పెయింటులో చేప కళ్లలాంటి గుంటలు లేస్తాయి. ముందే చెబితే, అది ఆయన స్ప్రే గన్ తప్పని, మీ ప్లాస్టిక్ తప్పని వాదించుకునే అవసరం రాదు.

తర్వాత

కోటింగు వేసిన బండిని కార్ షాంపూతో కడిగితే చాలు. సర్వీసింగుకి ఇచ్చినప్పుడు ప్లాస్టిక్ మీద డీజిల్ కొట్టొద్దని, చివర్లో మెరుపు కోసం పూసే నూనె పాలిష్ పూయొద్దని ముందే చెప్పండి. అడక్కుండానే పూసేస్తారు, పైగా ఫ్రీ అంటారు.

ఇదే పద్ధతి స్కూటర్ల నల్ల ప్యానెళ్లకీ, బైకుల మడ్‌గార్డులకీ పనిచేస్తుంది. కాళ్లు పెట్టే ఫుట్‌బోర్డు, సీటు, హ్యాండిల్ గ్రిప్పులు, బ్రేకు లీవర్ల మీద మాత్రం ఏ డ్రెస్సింగూ వద్దు, జారతాయి. కారులోనైనా పెడళ్లు, స్టీరింగు వదిలేయండి. స్ప్రే చేసే రకమైతే చక్రాల దగ్గర గాలిలోకి కొట్టకుండా గుడ్డ మీద కొట్టి తుడవండి, డిస్క్ మీద పడితే బ్రేకు పట్టదు.

కొన్నాళ్లకి వైపర్ల కింది పలకే ముందు పాలిపోవడం మొదలవుతుంది. అప్పుడు బండంతా మళ్లీ చేయనక్కర్లేదు. ఆ ఒక్క పలకని కడిగి, ఐపీఏతో తుడిచి, సీసాలో మిగిలినదాంతో ఒక కోటు వేసుకోండి. మూత తీసిన సీసా ఎక్కువకాలం ఉండదు, లోపల గట్టిపడిపోతుంది. కాబట్టి అదే సీజన్‌లో తోడల్లుడి బండికో, పక్కింటివాళ్ల బండికో వాడేయడమే మేలు.